గంగాళంలో కొంగ

ఒకే గేదె కొమ్ములోంచి, ఒకే వేడి మీద, ఎక్కడా అతుకన్నది లేకుండా, మూడు వంపుల మెడతో కొంగను నిలబెట్టినవాడు విశాఖపట్నం మొత్తం మీద నేనొక్కడినే. కొమ్ముపనివాళ్ళ సంఘం ఏడాది కూటమిలో మూడు వందలమంది దాన్ని చేతులు మార్చుకుంటూ చూశారు. సంఘం పెద్ద లేచి నిలబడి దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. తర్వాత రేవులో దిగిన ఒక విదేశీ ఓడ కెప్టెన్ దాన్ని చూసి, చేతి గడియారం విప్పి ఇచ్చి మరీ పట్టుకుపోయాడు. ఇప్పుడది ఏ దేశంలోనో అద్దాల బీరువాలో ఉంది. ఈ మాట నేను యాభై ఏళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, రైలు ఎలమంచిలి చేరేలోపు పక్కసీటు వాళ్ళకి చెప్పాను, కంటి ఆపరేషనుకి బల్ల మీద పడుకోబెట్టినప్పుడు డాక్టరమ్మకి కూడా చెప్పాను. ఆవిడ కదలకండి అందే తప్ప నమ్మనని అనలేదు.

మొన్న ఆదివారం మా కూర్మన్నపాలెం ఫ్లాటులో పొద్దున్న కాఫీ తాగుతుంటే ముక్కుకి ఒక వాసన తగిలింది. మనవరాలు స్నేహితురాలి పెళ్ళికి వెళ్ళాలని అద్దం ముందు కూర్చుని, కరెంటుతో వేడెక్కే పట్టకారు లాంటిది పెట్టి జుట్టు సాపు చేసుకుంటోంది. అది ఒకచోట కాస్త ఎక్కువసేపు ఆగినట్టుంది. కాలిన వెంట్రుక వాసన ఇల్లంతా నిండింది. అందరూ ముక్కులు మూసుకుని ఫ్యాన్లు వేశారు. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను. కొమ్మూ వెంట్రుకా ఒకే జాతి సరుకు, వేడి ఎక్కువైతే రెండింటికీ వచ్చేది ఒకటే వాసన. ఆ వాసన వెనకాలే పాతనగరంలో సంఘం సాల, మూసిన తలుపు, గదిమధ్య నీళ్ళ గంగాళం, వీపు మీద జారే చెమట, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి.

“తాతా, ఊపిరాడట్లేదేటి, కిటికీ తియ్యనా?” అంది మనవరాలు. తియ్యమన్నాను. తీసింది. తీసినా నాకు ఆడలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. రాతలోనైనా గొంతు పెంచకూడదని అనుకున్నాను. అలవాటు కొద్దీ ఎక్కడైనా పెరిగితే అక్కడికక్కడే తగ్గించుకుంటాను, నా తోటివాళ్ళు మీరు, ఓపిక పట్టండి. ఉదాహరణకి ఆ మూడు వందలమంది. ముప్పై ఇద్దరు. అందులో ఇద్దరు భోజనానికి వచ్చినవాళ్ళు.

కొమ్ము దువ్వెన అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మన అమ్మల చేతుల్లో, మన తలల మీద ఆడిన దువ్వెన అది. నూనె తాగిన కొద్దీ నల్లగా మెరిసేది, కింద పడితే విరగకుండా ఠంగుమని మోగేది, ఇంట్లో ముగ్గురాడపిల్లలకి జడలు వేసి వాళ్ళ పెళ్ళిళ్ళయ్యాక కూడా గూట్లో ఉండేది. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చాక మన తలలకి ఆ చల్లదనం పోయింది. జుట్టు కూడా పోయింది, అది వేరే సంగతి.

మాది ఆనందపురం పక్క పల్లె. నాన్న పోయాక, పదకొండో ఏట, పెళ్ళయిన అక్క వెంట పట్నం వచ్చేశాను. అక్క నాకన్నా పదేళ్ళు పెద్దది. బావ పాతనగరం సందులో కొమ్ముపని చేసేవాడు. అక్కడ ఒక గోడకి ఇటు మేము, అటు సాయిబులు, అందరిదీ ఒకటే పని, ఒకటే దుమ్ము, సాయంత్రానికి అందరి కనురెప్పలూ ఒకటే తెలుపు. కొమ్మును కోయడం, నానబెట్టడం, కుంపటి సెగకి చూపించి మెత్తబడ్డాక వంచడం, ఆకురాయితో నున్న చేయడం, గరుకాకుతో తోమి నూనె పెట్టి అరచేత్తో మెరుగు తేవడం, ఇవన్నీ బావ నాకు నోటితో చెప్పలేదు. తను చేసేవాడు, నేను చూసేవాణ్ణి. నేను తప్పు చేస్తే నా చేతిలోంచి పనిముట్టు తీసుకుని పక్కన పెట్టి, బయటికి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చేవాడు. ఆ బీడీ కాలేలోపు నేను నా తప్పు కనిపెట్టాలి. కొన్నిసార్లు పాపం రెండు బీడీలు పట్టేవి.

మా సంఘానికి పెద్ద ఒక ముసలి సాయిబు. అందరూ ఆయన్ని పెద్ద సాయిబు అనేవారు, కుర్రాళ్ళం తాతా అనేవాళ్ళం. ఏటా వేసవి చివర్లో, శుక్రవారం కాకుండా ఒక రోజు చూసి ఏడాది కూటమి పెట్టేవారు. భీమిలి నుంచి నలుగురు, ఎలమంచిలి నుంచి ఇద్దరు, తక్కినవాళ్ళం ఊళ్ళోవాళ్ళం. ఆ కూటమిలోనే పీటలు ఇచ్చేవారు. పీట అంటే జానెడెత్తు చెక్కపీట, దాని మీద మనిషి పేరు కాల్చి రాసి ఉంటుంది. పీట పడితే సొంతంగా పని పట్టచ్చు, సంఘం తెచ్చే కొమ్ముల్లో వాటా ఉంటుంది, చేతి కింద పిల్లల్ని పెట్టుకోవచ్చు. పీట లేనివాడు ఎంత వయసొచ్చినా ఇంకొకడి చేతి కింద మనిషే. దానికి మూడు ఏళ్ళు మూడు అవకాశాలు, నాలుగోది లేదు. మొదటి ఏడే నాకు పీట పడిందని మా పిల్లలందరికీ చెప్పాను. అది కూడా తగ్గించండి. మొదటి ఏడు నా దువ్వెన పళ్ళు చూసి పెద్ద సాయిబు “ఇవి పళ్ళేట్రా, సుత్తి దెబ్బ తిన్న పళ్ళలాగున్నాయి” అన్నాడు. రెండో ఏడు నా పని బీట వేసింది. నాకు ఇరవై రెండు నిండిన ఏడు, మూడోసారి, కొంగను ఎత్తుకున్నాను.

పీట పనికి పరీక్ష ఏమిటంటే, నీళ్ళు. తెచ్చిన వస్తువులన్నీ పొద్దున్నే ఒక ఇత్తడి గంగాళంలో ముంచి మూడు గంటలు వదిలేస్తారు. అతుకు పెట్టి, సందులో లక్క నింపి, మసి రుద్ది మెరుగు పెడితే పైకి దేవుడికి కూడా కనబడదు. నీళ్ళకి మాత్రం కనబడుతుంది. కొమ్ము నీళ్ళు తాగి కాస్త ఉబ్బుతుంది, జిగురు నీళ్ళు తాగి వదిలేస్తుంది. అందుకని మా వాళ్ళు నోటితో ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు, వస్తువును నీళ్ళలో పెట్టి వాళ్ళు ఒడ్డున కూర్చునేవారు. మూడు గంటలయ్యాక వాటిని పైకి తీసే మనిషిని నీళ్ళమనిషి అనేవారు. ఆ పని నమ్మకమున్న చేతికే ఇచ్చేవారు. ఎనిమిదేళ్ళుగా అది మా బావ చెయ్యి.

తీశాక తీర్పు చెప్పేస్తారు, కానీ అది అప్పటికి పచ్చి తీర్పు. వస్తువుల్ని గుడ్డ మీద పరిచి, వాటి తడి ఆరేదాకా అందరూ అక్కడే కూర్చుంటారు. ఆ లోపల ఎవరికి ఏ మాటున్నా లేచి చెప్పచ్చు, చెబితే తీర్పు మారుతుంది. ఆరిపోయాక ఇంక మాట లేదు. ఏడాది తిరిగినా, పదేళ్ళు తిరిగినా, ఆరిన తీర్పును ఎవరూ తడపకూడదు.

ఇంక తలుపు. వస్తువులు గంగాళంలో పడిన దగ్గర్నుంచి ఆరేదాకా సాల తలుపు మూసి ఉండాలి, ఎవరూ బయటికి పోకూడదు. టేకు తలుపు అది. లోపల అడ్డంగా ఇనప గెడ, నా తొడంత లావు. తొడంత కాదులెండి, మణికట్టంత. అది పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గోడకి ఎత్తున ఒక కిటికీ, దానికి జల్లెడ లాంటి తీగల వల. పెంకుల కప్పు వేడి, ముప్పైమంది ఊపిరి, మూలన కొమ్ముల కుప్ప వాసన. రేవులో ఓడ కూత వేస్తే ఆ గదిలో గంగాళం నీళ్ళు సన్నగా వణికేవి.

కూటమికి రెండు రోజుల ముందు నా కొంగ పూర్తయింది. ఒక్క మెడ తప్ప. మెడకి మూడు వంపులు తిప్పాలి. రెండు తిరిగాయి. మూడో వంపు దగ్గర కొమ్ముకి నూనె పెట్టి, సెగకి దూరంగా, పిల్లని నిద్రపుచ్చినట్టు నెమ్మదిగా వేడెక్కించాలి. నాకు తొందరెక్కువ. కుంపటికి దగ్గరగా పెట్టాను, వాసన వచ్చింది, ఇదిగో మొన్న మనవరాలి జుట్టు నుంచి వచ్చిందే. వాసన వస్తే ఆగాలని నాకు తెలుసు. ఇంకొక్క వేలెడే కదా అని వంచాను. టప్. పెద్ద చప్పుడు కూడా కాదు, చిటికె వేసినట్టు. మెడ ఒక చేతిలో, ఒళ్ళు ఒక చేతిలో.

అంత పెద్ద మొన ఉన్న కొమ్ము ఇంకొకటి లేదు. ఉన్నా రెండు రోజుల్లో ఆ పని అవదు. బావ ఆ పూట ఊళ్ళో లేడు, కొమ్ముల కోసం ఎలమంచిలి వెళ్ళాడు. వంటింట్లోకి వెళ్ళి ఒక గరిటెలో లక్క కరగబెట్టాను, మెడని జిగురుతో నిలబెట్టి, సందులో లక్క నింపి, దీపం మసి అద్ది, గరుకాకుతో తోమి, నూనె పెట్టి, తెల్లారేదాకా అరచేతితో రుద్దాను. బావ వచ్చి చూశాడు. వెలుగుకి ఎత్తి చూశాడు, మెడ మీద బొటనవేలు ఒకసారి పైనుంచి కిందికి జార్చాడు. బయటికి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చాడు. ఆయనకి తెలిసిపోయిందా లేదా అన్నది నాకు తెలియలేదు. ఆ బీడీ కాలేలోపు నేను చెప్పవలసింది, చెప్పలేదు. నీళ్ళు మూడు గంటలే కదా, జిగురు ఆగుతుందేమో అనుకున్నాను. అంత పని నేర్చుకుని, అలా అనుకున్నాను.

కూటమి రోజు పొద్దున్న నా కొంగని గంగాళంలో ముంచింది కూడా బావే. మొత్తం తొమ్మిది వస్తువులు. తలుపు పడింది. నా చోటు గంగాళానికి సరిగ్గా ఎదురుగా. మొదటి గంట నీళ్ళు తేటగా ఉన్నాయి, కొంగ వీపు మీద కిటికీ వెలుతురు ఆడుతోంది. చుట్టూ కబుర్లు. ఎవరి కూతురి పెళ్ళో, ఏ ఓడలో దిగిన ప్లాస్టిక్ సామానో. రెండో గంటలో కొంగ మెడ దగ్గర నుంచి ఒక బుడగ లేచింది. చిన్నది, ఆవగింజంత. పైకి వచ్చి పగిలింది. కాసేపటికి ఇంకొకటి. నేను వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను, పదిహేడు దాకా లెక్కపెట్టి మానేశాను. పక్కనున్న భీమిలి ఆసామి నా తొడ మీద తట్టి, “ఏటి తమ్ముడూ, కొంగ సేపని పట్టుకుంతాదని సూత్తన్నావేటి?” అన్నాడు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. బయట పెరట్లో ఆడవాళ్ళు చేపల పులుసు కాస్తున్నారు, ఆ ఘుమఘుమ తలుపు సందుల్లోంచి లోపలికి రావడం, నేను బయటికి పోలేకపోవడం. చచ్చి ఆ వాసనైపోతే తలుపు సందులోంచి పోవచ్చు కదా అని కూడా అనిపించింది.

మూడు గంటలయ్యాయి. బావ చొక్కా చేతులు మడిచి గంగాళం దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్క వస్తువూ తీసి, తుడవకుండా, చుట్టూ తిప్పి చూపించి గుడ్డ మీద పెడుతున్నాడు. నాది చివరిది. చెయ్యి నీళ్ళలో పెట్టాడు. పెట్టి అలాగే ఉంచాడు.

“ఏటయ్యా, సెయ్యి నీళ్ళలోనే ఒగ్గీసావు?” అన్నాడు పెద్ద సాయిబు. “ముసలోళ్ళం, ఆకలేత్తంది, జల్దీ తియ్యి.”

బావ నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నా చేతిలోంచి పనిముట్టు తీసుకుని పక్కన పెట్టేటప్పుడు చూసే చూపే అది. తర్వాత రెండు చేతులూ ముంచి పైకి తీశాడు. ఒక అరచేతిలో ఒళ్ళు, ఒక అరచేతిలో మెడ.

“కొంగ తల ఇంటికాడ మర్సిపోయి వచ్చినాదేటి?” అని వెనకనుంచి ఎవరో అన్నారు గానీ ఆ నవ్వు ముందుకు రాలేదు.

“అతుకు నాది తాతా” అన్నాడు బావ. “కుర్రోడిది కాదు. మెరుగెడతంటే నా సేతిలో ఇరిగిపోనాది. ఆడికి సెప్పకుండా నానే అంటించీసినాను.”

ఎనిమిదేళ్ళ నీళ్ళమనిషి, సంఘంలో అందరి అతుకులూ పట్టుకున్నవాడు, తన అతుకు తానే ఒప్పుకున్నాడు. పెద్ద సాయిబు చాలాసేపు బావ మొహంలోకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఏరా బేటా, మీ బావ సెప్పింది నిజవేనా?”

నేను తల దించుకున్నాను. దించిన తలను వాళ్ళు అవునని తీసుకున్నారు.

తీర్పు రెండు ముక్కల్లో అయిపోయింది. వంపులు మూడూ కుర్రాడివే, వంపుల్లో దోషం లేదు, కాబట్టి కుర్రాడికి పీట. అతుకు పెట్టి నీళ్ళలో ముంచిన నీళ్ళమనిషి పీట మూడేళ్ళు తిరగెయ్యాలి. అంటే ఆ పీట బోర్లా పడి ఉంటుంది, ఆ మనిషి నేల మీద, తలుపు పక్కన కూర్చోవాలి, చేతి కింద పిల్లలు ఉండకూడదు, తన పేరుతో పని పట్టకూడదు. బావ తన పీట తనే బోర్లించి, తలుపు పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఇంక ఆరడం. తొమ్మిది వస్తువులు, పది ముక్కలు, గుడ్డ మీద. ఆ తడి నేను చూసినంతగా ఎవరూ చూసి ఉండరు. ముందు వీపు ఆరింది, తర్వాత కాళ్ళు, మెడ విరిగిన చోట మాత్రం తడి చాలాసేపు నల్లగా నిలిచింది. అది ఉన్నంతసేపూ తీర్పు పచ్చిదే. ఇప్పుడు లేస్తాను, ఆ తడి గోరంత అయ్యాక లేస్తాను, బియ్యపుగింజంత అయ్యాక లేస్తాను అనుకున్నాను. లేవలేదు. ముప్పైమంది మధ్య, ఆ గోడల మధ్య, నా ఛాతీ మీద ఆ గెడే అడ్డంగా పడినట్టుంది. నాలుక పిడచకట్టింది. ఎవరో చేతికి నీళ్ళ గ్లాసు ఇచ్చారు, తల ఎత్తకుండా గటగటా తాగి ఇచ్చేశాను. ఇంకాసేపటికి మళ్ళీ ఎవరో ఇచ్చారు, మళ్ళీ తాగాను. గెడ తీసి ఉంటే ఒక్క నిమిషం బయటికి పోయి, గాలి పీల్చుకుని, లోపలికి వచ్చి చెప్పేసేవాణ్ణి. ఈ మాట నాకు నేను యాభై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాను. కొంగ కథ ఊరికి చెప్పాను, గెడ కథ నాకు చెప్పుకున్నాను.

తడి ఆరిపోయింది. పెద్ద సాయిబు ఆ ముక్కని మునివేలితో తాకి, వేలు చెంపకి రాసుకుని చూసుకున్నాడు. పొడి. అందరూ లేచారు.

ఇప్పుడు తెలిసింది కదా, కొంగను ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు. ఓడ కెప్టెనూ లేడు, గడియారమూ లేదు. ఆ కొంగ నా బీరువాలో పాత తువ్వాల్లో రెండు ముక్కలుగా ఉంది.

పీట పడ్డాక నాకు పని పట్టే అర్హత వచ్చింది, బావకి పోయింది. అందుకని బావ నా చేతి కింద పనికి వచ్చాడు. చదివేవాళ్ళకి ఇది విడ్డూరంగా ఉంటుందేమో, మాకు పూట గడవడానికి అంతకన్నా దారి లేదు. ఎనిమిదడుగుల గదిలో నేను పీట మీద, ఆయన నేల మీద. నేను వంచేవాణ్ణి, ఆయన మెరుగు పెట్టేవాడు. నా చెయ్యి తొందరపడితే పనిముట్టు తీసుకుని పక్కన పెట్టడం మానేశాడు. దుమ్ము తుడుచుకుని బయటికి వెళ్ళి బీడీ కాల్చుకుని వచ్చేవాడు, అంతే. నేను ఆ బీడీ వాసన వస్తున్నంతసేపూ ఆకురాయి గట్టిగా లాగేవాణ్ణి, ఏదో ఒక చప్పుడు ఉండాలని. మూడేళ్ళయ్యాక పీటని మళ్ళీ నిలబెట్టారు గానీ ఆయన నేల మీంచి లేవలేదు, నీళ్ళ దగ్గరికి ఆయన్ని మళ్ళీ పిలవలేదు, ఆయన చేతి కిందికి ఎవరూ పిల్లల్ని పంపలేదు.

తర్వాత స్టీల్‌ప్లాంటు వచ్చింది. మా సందులో నా ఈడు కుర్రాళ్ళు ఒక్కొక్కరే గుర్తింపు కార్డులు మెళ్ళో వేసుకుని బస్సులెక్కారు. నాకూ పిలుపు కాగితం వచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వారం తిరిగాను. ఆయన పీట పోగొట్టి తెచ్చుకున్న పీట మీద నుంచి నేను లేచి ఎలా వెళ్ళిపోను? అలాగని కూర్చుంటే, నా ఎదురుగా నేల మీద ఆయన. లేవలేను, కూర్చోలేను. చివరికి ఆ కాగితం చెమటకి చివికిపోయింది. ముప్పై నాలుగేళ్ళు ఆ పీట మీదే కూర్చున్నాను, ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చి మా పనిని దాదాపు మింగేసినా కూడా. బావ పోయి పన్నెండేళ్ళయింది. ఆ రోజు సంగతి ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు. ఆరిన తీర్పు తడపకూడదు కదా. ఎంత చక్కటి నియమం, నాకు ఎంత బాగా పనికొచ్చిందో చూడండి.

ఈ ఏడాది కూటమి కిందటి నెల జరిగింది. ఏసీ హాలు, ప్లాస్టిక్ కుర్చీలు. ఏడుగురం మిగిలాం, అందులో ఇద్దరం పని మానేసినవాళ్ళం. గంగాళం లేదు, నీళ్ళు సీసాల్లో ఇచ్చారు. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. దగ్గరికి వెళితే దానంతట అదే తెరుచుకునే అద్దాల తలుపు. కార్యక్రమం నడుస్తుండగానే ఒకరు ఫోను వచ్చిందని, ఒకరు బస్సుందని, ఒకరు షుగరు మందు వేసుకోవాలని వెళ్ళిపోతూనే ఉన్నారు, తలుపు ప్రతిసారీ మర్యాదగా తెరుచుకుంటూనే ఉంది. నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడి, కొంగ కథ పాతపద్ధతిలోనే, మూడు వందలమందితో సహా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

మన రోజుల్లో తలుపులు మూసేవారు. మూసిన తలుపు వెనక మనుషులు ఒకరికొకరు చిక్కేవారు, ఒకరి అబద్ధం ఇంకొకరి కళ్ళ ముందు నానేది. ఇప్పుడు అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి, ఎవరూ ఎవరికీ చిక్కరు, ఏదీ ఆరేదాకా ఎవరూ కూర్చోరు. ఇది మంచికో చెడుకో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆ రోజు ఆ గెడ ఒక్కటి లేకపోతే నా బతుకు వేరేగా ఉండేది.

ఇంతవరకు రాశాను, నా లెక్క ప్రకారం ఇది పూర్తయింది. కానీ ఆనాటి మా ఇంటివాళ్ళలో ఇంకా బతికున్నది అక్క ఒక్కతే కనక, ఆమెకి వినిపించకుండా పదిమందికి చూపించడం న్యాయం కాదనిపించింది. భీమిలి బస్సెక్కి వెళ్ళాను. అక్క చిన్నకూతురి దగ్గర ఉంటోంది. ఎనభై నాలుగేళ్ళు. వీధరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఒక చెవి వినబడదు, వినబడే చెవి వైపు కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాను. అతుకు నాదేనని, బావది కాదని ఉన్నచోట రెండుసార్లు చదివాను. అక్క చింతపండు వైపే చూస్తూ వింది.

“సదవడం అయిపోనాదా?” అంది.

అయిందన్నాను.

“ఆ తలుపుకి గెడెక్కడిదిరా?”

నాకు నవ్వొచ్చింది. తొడంత అని రాసి మణికట్టంతకి తగ్గించాను కదక్కా అన్నాను.

“మణికట్టూ నేదు, సిటికినేలూ నేదు. ముందేడు తుపానుకి గెడ ఊడిపోనాది, మళ్ళీ ఎవులేయించినారు? సముద్రం గాలికి తలుపు టపటపా కొట్టుకుంతాదని నా రోటి పొత్రం అట్టుకెల్లి అడ్డెట్టినారు. కాల్తో తోత్తే తెరుసుకునేది.” చేతిలో గింజ పక్కన పడేసింది. “నీకు రెండు మాట్లు నీళ్ళిచ్చింది ఎవులనుకున్నావు? నానే. నువ్వు లక్క కరగబెట్టిన గరిటి తోమింది నానే. ఇప్పుడు లెగుత్తాడు, ఇప్పుడు సెప్తాడని గలాసట్టుకుని నీ ముందల నిలబడ్డాను. నా ఎనకాల తలుపు తీసే ఉంది. నువ్వు నీళ్ళు తాగీసి, గలాసు నా సేతికిచ్చీసి, మళ్ళీ తల దించీసుకున్నావు.”